బొమ్మకున్న స్వేచ్ఛ మాటకు లేదా?

బొమ్మ గీయువానికి స్వేచ్ఛ కావలెననుటలో మాకు భిన్నాభిప్రాయము లేదు. గీసిన బొమ్మ బాగుగ లేదనుటకు చూచువారికి స్వేచ్ఛ కలదనుటలోను ఎవరికిని భిన్నాభిప్రాయ ముండరాదు. కాని ఆ బొమ్మ స్త్రీదియై, బాగుగ లేదనునదియు స్త్రీయే యైనపుడు మన రసికుల తర్కము తలక్రిందు లగుచున్నది. అదే మాట పురుషు డన్నచో విమర్శ. స్త్రీ యన్నచో అరసికత, అసూయ, తలబిరుసుతనము. అటుపిమ్మట నామె వయస్సు చర్చకు వచ్చును, కట్టు చర్చకు వచ్చును, సంసారము చర్చకు వచ్చును, తుదకు శరీరమే చర్చకు వచ్చును. చర్చకు రానిది బొమ్మ యొక్కటే.

అమెరికాలో 2014 ఏప్రిలులో జరిగిన యుదంతమును చూడుడు. ‘టీన్ టైటన్స్’ అను బొమ్మల కథకు క్రొత్త సంచిక ముఖచిత్రము వెలువడినది. అందు ముందు నిలిచిన పాత్ర కౌమారము దాటని యొక బాలిక. చిత్రకారుడు ఆమెకు గీసిన వక్షము ఎదిగిన స్త్రీకి సయితము అసహజమనియు, అది పాత్రకును తగదు, శరీరశాస్త్రమునకును తగదనియు జనెల్ యాసెలిన్ అను నామె వ్రాసెను. ఆమె దారిని పోవు మనిషి కాదు. ‘బ్యాట్‌మ్యాన్’ మొదలగు పుస్తకములు వెలువరించు ఆ సంస్థలోనే పూర్వము సంపాదకురాలుగ పనిచేసినది. శృంగారము కూడదని యామె యనలేదు. పుస్తకమును నిషేధింపుడని యనలేదు. బొమ్మ తప్పనినది, అంతే. దానికి ప్రతిఫలముగ నామెను చెరచెదమని బెదరింపులు వచ్చినవి. బొమ్మల కథల లోకములో స్త్రీలు వేధింపులకు లోనగుచున్నారా యని యామె యప్పటికే యొక ప్రశ్నావళిని నడుపుచుండెను. ఆ బెదరింపులు వచ్చినది ఆ ప్రశ్నావళికి జవాబుల రూపముననే! అడిగిన ప్రశ్నకు ఇంతకంటె స్పష్టమైన జవాబు వేఱొకటి యుండునా?

ఆ దేశమున ఈ వివాదమునకు పూర్వచరిత్ర కలదు. 1954లో అచ్చటి ప్రచురణకర్తలు తమకు తామే యొక నియమావళిని విధించుకొని, స్త్రీల అవయవములను అతిశయము లేక యథార్థముగ గీయవలెనని యందు వ్రాసికొనిరి. స్త్రీలపై గౌరవము వలన కాదు, ప్రభుత్వము ఎచ్చట చట్టము చేయునో యను భయము వలన. భయము తీరినకొలది నియమము సడలినది. 1999లో గెయిల్ సిమోన్ అను నామె, ఆ కథలలో చంపబడిన, చెరచబడిన, శక్తులు కోల్పోయిన స్త్రీపాత్రల పట్టిక నొకదానిని తయారు చేసినది. వీరుని కోపమును రగిల్చుటకే ఆ స్త్రీలు చచ్చుచున్నారని యా పట్టిక చూచినవారి కందరికిని తెలిసినది. కొంతకాలమునకు ఆమెయే ‘వండర్ వుమన్’ కథలు వ్రాసెను. ఆ వండర్ వుమన్‌నే 2016 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి స్త్రీల సాధికారతకు గౌరవ రాయబారిగ ప్రకటింపగా, చాలీచాలని వస్త్రములతో గీయబడిన ఊహాస్త్రీ తప్ప మీకు లోకమున నిజమైన స్త్రీ దొరకలేదా యని సమితి యుద్యోగులే నిరసించిరి. నలుబదివేలకు పైగా సంతకములు చేరినవి. డిసెంబరులో ఆ గౌరవము ముగిసినది.

ఇది పరదేశపు గొడవ యని మన పాఠకులు పత్రికను మడిచి పెట్టరాదు. తెలుగున వ్యంగ్యచిత్రమునకు ఆద్యుడని తలిశెట్టి రామారావును చెప్పుకొందుము. తరువాతి కాలమున వారపత్రికలు పెరిగి, పుటల మూలలు నింపవలసి వచ్చినపుడు మన హాస్యమునకు కొన్ని సిద్ధాన్నములు దొరకినవి: అప్పడాల కఱ్ఱ పట్టిన భార్య, ఆఫీసరు ఒడిలో టైపిస్టు, చెంగు జారిన పనిమనిషి, వార్తాపత్రిక చాటున ఆమెను చూచు గృహస్థు. ఈ నాల్గింటిని తీసివేసినచో ఎన్ని వారముల హాస్యపుటలు తెల్లబోవునో ఆ సంపాదకులే చెప్పవలెను. బాపు గీతను మేము తక్కువ చేయము. ఆయన గీసిన స్త్రీకి కన్నులున్నవి, ఆ కన్నులలో తెలివి యున్నది, మగని నాటపట్టించు చమత్కారమున్నది. కాని ‘బాపు బొమ్మ’ అను మాట పెండ్లిచూపులలో కొలబద్దగ మారిన నాటినుండి బ్రతికిన పిల్ల కాగితపు పిల్లతో పోటీ పడవలసి వచ్చినది. ఇక స్త్రీయే కుంచె పట్టిన హాస్యము మాట యేమి? విశాఖపట్టణమున రాగతి పండరి (1965–2015) పోలియో పీడితురాలయ్యును దశాబ్దముల తరబడి వ్యంగ్యచిత్రములు గీసినది. తెలుగున స్త్రీ గీసిన హాస్యమనిన చాలకాలము వినబడినది ఆ యొక్క పేరే. ఇన్ని కోట్ల జనమునకు ఒక్క పేరు!

నేడు బొమ్మ వారపత్రికను విడిచి చేతిలోని ఫోనులో చేరినది. సినిమాలోని యొక నిలుపుబొమ్మ, దానిపై రెండు పంక్తుల ద్వంద్వార్థము. దీనిని మీమ్ అందురు. జనగామ రైలు స్టేషనులో ఎవరో నవ్వుకొన్న బొమ్మ అదే గడియలో మానుకోటలోను, భూపాలపల్లి గనికార్మికుల వాడలోను నవ్వు పుట్టించుచున్నది. ఈ మూడు పట్టణములును ప్రధానముగ పాత వరంగల్లు జిల్లాలోనివి. 2016లో మూడు జిల్లాలకు కేంద్రములైనవి. బొమ్మ విషయమున ఈ నేల కొన్ని పాఠములు చెప్పగలదు గనుకనే ఈ ప్రాంతమును ప్రత్యేకించి తలచుచున్నాము.

మానుకోట యనబడు మహబూబాబాదును మొదట తీసికొందము. ఆ జిల్లా జనాభాలో మూడవవంతుకు మించినవారు గిరిజనులు. అందు లంబాడీలు అధికులు. అద్దములు పొదిగిన కాంచళి, కుచ్చుల పేటియా, తలపై టుక్రి: ఇవి తండాలో తల్లి కూతురికి నేర్పు సూదిపని, నెలల శ్రమ.  ఎండలో గాలిలో పని చేయు స్త్రీ కట్టు ఇది. మన సినిమావారి చేతిలో ఇదే కట్టు పైకి కత్తిరింపబడి, క్రిందికి జార్పబడి, కల్లుపాకలో నాట్యగత్తె వేషమైనది. పాట తరువాత పాట వచ్చినది. పాటనుండి పోస్టరు వచ్చినది. పోస్టరునుండి మీమ్ వచ్చినది. తండానుండి కాలేజీకి వచ్చిన పిల్ల ‘ఇది మా యమ్మ కట్టు, దీని నిట్లు చూపుట యేమి?’ అని యడిగిన, ‘సరదాకు తీసినదానిని సరదాగ చూడరాదా?’ అని బదులు. ఎవరి సరదా? ఎవరి యమ్మ?

విమర్శించిన పురుషునికిని స్త్రీకిని మన సంఘము చెల్లించు వెలలో నెంత వ్యత్యాస మున్నదో 2017 ఆగస్టులో హైదరాబాదున చూచితిమి. ‘అర్జున్ రెడ్డి’ చిత్రపు ముద్దు పోస్టరును కాంగ్రెసు నాయకుడు వి. హనుమంతరావు ఆర్టీసీ బస్సుపైనుండి చించివేసెను. పరుల సొత్తును చించుట మాకు సమ్మతము కాదు. అయినను ఆయనకు కలిగిన నష్టమేమి? ‘తాతయ్యా’ యని కుఱ్ఱకారు నవ్విరి. ఆయనయు పోయి తన రాజకీయములు తాను చూచుకొనెను. ఆ చిత్రము వచ్చిన రోజులలోనే, దానిలోని యొక బూతుమాటను థియేటరులలో కుఱ్ఱవాండ్రు కేకలు వేయుట తగదని నటి అనసూయ ఆక్షేపించెను. ఆమె యేమియు చింపలేదు. నోట మాట యన్నది. దానికి ఆమె వయస్సు, మాతృత్వము, దుస్తులు అన్నియు తూర్పారబట్టబడినవి. ‘ఆంటీ’ యను పిలుపు తిట్టుగ మారినది. ఆ వేట యక్కడితో నాగక, అయిదేండ్ల తరువాత 2022 ఆగస్టులో మరల తలయెత్తినది. పోలీసులకు ఫిర్యాదు చేయుదునని యామె ప్రకటింపవలసి వచ్చెను. ఆమె స్వయముగ కురుచ దుస్తులు ధరించునది గదా, ఆమెకు ఆక్షేపించు అర్హత యేది యని ప్రశ్నించిన విజ్ఞులును కలరు. ఆమె యేమి కట్టుకొనవలెనో ఆమె నిర్ణయించుకొన్నది. ఆమెను ఏమని పిలువవలెనో ఊరు నిర్ణయించుట వేఱు. ఈ రెంటికిని భేదము తెలియని విజ్ఞత మాకు అక్కరలేదు.

మాట యాడిన స్త్రీని మాటతో గెలువలేక దేహముతో లొంగదీయ జూచుట క్రొత్త విద్య కాదు. జనగామ జిల్లా పాలకుర్తిలో చాకలి ఐలమ్మ (1895–1985) 1940 దశకమున విసునూరు దేశముఖు నెదిరించి, కౌలు భూమిలో తాను పండించిన పంటను సంఘము కార్యకర్తల తోడ్పాటుతో ఇంటికి చేర్చుకొనెను. తగాదా భూమిదే. కాని కక్ష భూమితో నాగక ఆమె కుటుంబముపై విరుచుకొని పడెను. దొరల గడీలలో ఆడబాప యను దురాచార ముండెడిది. పెండ్లియై పోవు దొర కూతురి వెంట పేదల బాలికను వస్తువువలె పంపెడివారు. ఆ బాలిక దేహము ఆమెది కాదు. అట్టి కాలమున ఒక చాకలి స్త్రీ ‘ఈ పంట నాది’ యనుట యెంత సాహసమో ఊహింపుడు. పంట నాది యనునది రేపు దేహము నాది యనదా? దొర భయమంతయు నిదే. నేడు ఆమె పేరు హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఉన్నది, 2024లో పెట్టబడినది. ఆమె విగ్రహములకు దండలు వేయు చేతులతోనే ఫోనులో మరియొక స్త్రీకి బెదరింపు వ్రాయువారు లేరని ప్రమాణము చేయగలవారు ముందుకు రావచ్చును.

ఇచ్చట ఒక వాదము తప్పక వచ్చును. మన శిల్పములలో స్త్రీల దేహసౌందర్యము లేదా? గుడిమీద ఉన్నదానిని పుస్తకములో ఏల కూడదు? వాదము బలమైనదే, దానిని దాటవేయరాదు. భూపాలపల్లికి సమీపమున గణపురములో కోటగుళ్ళు కలవు. అచ్చట కాకతీయ శిల్పులు మలచిన మదనికలు నేటికిని నిలిచి యున్నవి. వాని అక్కలు, 1213 నాటి శాసనము గల రామప్పగుడిలో, నేటి ములుగు జిల్లా పాలంపేటలో నున్నవి. 2021లో ఆ గుడికి యునెస్కో ప్రపంచవారసత్వ గౌరవము లభించినది. ఆ నల్లరాతి స్త్రీలను నిలుచుండి చూడుడు. వారి దేహములు దాపరికము లేనివే. ఒకతె నాగిని, పాములను ధరించి నిలిచినది. ఒకతె వేటకత్తె, ఎత్తు మడమల పాదరక్షలు తొడిగినది. మఱికొందఱు నర్తకులు, ఆ భంగిమలకును ఆ కాలపు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’కిని గల సంబంధమును పండితులు ముచ్చటించుచుందురు. ప్రతి స్త్రీకిని ఏదో యొక పని యున్నది, వెన్నెముక యున్నది, బరువు ఏ కాలిపై మోపినదో తెలియుచున్నది. చూచువానికై ఆమె విఱిగిపోలేదు. ఆ శిల్పులు స్త్రీవాదులని మేము చెప్పుట లేదు. రాజుల సొమ్ముతో పురుషులు చెక్కిన బొమ్మలే యవి. కాని వారికి శరీరశాస్త్రము తెలియును. 2014 ఆగస్టులో ‘స్పైడర్ వుమన్’కు ప్రత్యేక ముఖచిత్రము గీసిన ఇటలీ చిత్రకారుడు మిలో మనారా ఆమెను పైకప్పు అంచున వంచిన తీరునకు లోకమంతయు నవ్వినది. ఆ స్థితిలో ఆమె యెవరితోను పోరాడలేదు, ఎచ్చటికిని ఎగురలేదు. చూడబడుటకు తప్ప ఆ భంగిమ వేఱొక పనికి రాదు. నగ్నత కాదు మా యాక్షేపణ. పనిలేని దేహమును, తలలేని దేహమును స్త్రీ యని మా ముందు పెట్టుటయే ఆక్షేపణ.

మరి నిజముగ స్త్రీయే తన శృంగారమును తాను చెప్పుకొన్నపుడు ఈ రసికులే యేమి చేసిరి? ఈ కథ తెలుగువా రందఱు ఎఱుగవలసినది. 18వ శతాబ్దిలో తంజావూరు ప్రతాపసింహుని కొలువున ముద్దుపళని యను కవయిత్రి ‘రాధికా సాంత్వనము’ రచించెను. కందుకూరి వీరేశలింగము పంతులు, స్త్రీలకొఱకు జీవితమంతయు పోరాడిన మహనీయుడు, ‘ఆంధ్రకవుల చరిత్రము’లో ఆ కావ్యమును, ఆ కవయిత్రిని తీవ్రముగ దూషించెను. స్త్రీ వ్రాయరాని వ్రాతలు వ్రాసిన దని యాయన కోపము. బెంగుళూరు నాగరత్నమ్మ (1878–1952) ఆ కావ్యమును సంపాదించి, పూర్వ ముద్రణమున తీసివేయబడిన భాగములను వ్రాతప్రతినుండి చేర్చి, 1910లో వావిళ్ళవారి ద్వారా ప్రకటించెను. పీఠికలో ఆమె పంతులవారిని తిన్నగ అడిగినది: సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా? ఇంతకు మించిన శృంగారము గల పురుషుల ప్రబంధములకు మీరే మెప్పులిచ్చి, పరీక్షలకు పాఠ్యముగ నొప్పుకొంటిరి గదా? తెలుగు సాహిత్యమున స్త్రీ చేసిన విమర్శలలో దీనికంటె సూటియైనది మేము చదువలేదు.

జవాబు రాలేదు, నింద వచ్చినది. ఒక వేశ్య వ్రాసినది, మరియొక వేశ్య అచ్చొత్తించినది యని నాటి పత్రిక యొకటి హేళన చేసెను. నాగరత్నమ్మ చెప్పినది తప్పా యొప్పా యని ఆ పత్రిక విచారింపలేదు. ఆమె కులమును విచారించినది. తరువాత దొరతనమువారు అడుగిడిరి. 1911లో పుస్తకము అశ్లీలమని జప్తు చేయబడెను. పురుషుల ప్రబంధములలో నఖశిఖపర్యంత వర్ణనలు కోకొల్లలుగ అచ్చగుచుండగనే ఈ కావ్యము చీకటిలో నుండెను. ఆ కట్టు తెగుటకు టంగుటూరి ప్రకాశము పంతులు మద్రాసు ప్రధానిగ రావలసి వచ్చినది. నిషేధములు తొలగించి ముత్యాలసరము మరల హారమున కూర్చినట్లయిన దని ప్రకాశము పంతులు సంతోషించినట్లు చెప్పుదురు. 1952లో వావిళ్ళవారు మరల ముద్రించిరి. నాగరత్నమ్మ పోయినదియు ఆ సంవత్సరముననే.

దశాబ్దములు గడచినను రీతి మాఱలేదు. 1980 దశకమున తెలుగు కవయిత్రులు చూపుల వేధింపును, పురిటినొప్పిని, పైటను గూర్చి వ్రాసినపుడు వానిని ‘నీలి కవితలు’ అని పెద్ద కవులు ఈసడించిరి. ప్రబంధములలో స్తనవర్ణన చదివి తల యూపినవారికి పాలిచ్చు రొమ్ము కవితలో కనబడగనే అశ్లీలము తోచినది! 1993లో ఓల్గా సంపాదకత్వమున వెలువడిన స్త్రీవాద కవితా సంకలనమునకు పెట్టిన పేరు ‘నీలిమేఘాలు’. తిట్టును తీసికొని తిలకముగ దిద్దుకొనుట యనిన నిట్లుండును.

కావున మేము నిషేధమును కోరుట లేదు. నిషేధపు కత్తి తెలుగునాట ఎవరి పుస్తకముపై పడినదో పైన చెప్పితిమి. చట్టములు లేక కాదు. స్త్రీల అసభ్య చిత్రణను నిషేధించు చట్టము 1986 నుండి యున్నది. 2009లో కేంద్ర ప్రభుత్వము ఒక వదిన పేరిట నడచుచుండిన అశ్లీలపు బొమ్మల కథను అడ్డగించెను. ఆ పేరు వ్రాయుట మా కిష్టము లేదు. తెలియనివారును కొలదిమందియే, ఏలయన అడ్డగించిన నాటి వార్తలే దానిని ఇంటింటికి చాటినవి. చిత్రకారుని కుంచె విఱుచుట వలన చూపు మాఱదు. గీయనిండు. కాని గీసినదానిని తప్పుపట్టు స్త్రీని మాటాడనిండు. ఆమె తర్కము తప్పైనచో తర్కముతోనే ఖండింపుడు.

బెదరింపు మాత్రము వాదము కాదు, నేరము. 2014 అక్టోబరులో హైదరాబాదున మొదలైన షీ టీములు పిమ్మట జిల్లాలకు వ్యాపించినవి. జనగామలో గాని భూపాలపల్లిలో గాని ఒక విద్యార్థిని తనకు వచ్చిన బెదరింపును చేతబట్టుకొని ఠాణాకు వచ్చినపుడు, ‘నీవేమి వ్రాసితివమ్మా?’ యను ప్రశ్న మొదట అడుగరాదు. ఆమె వ్రాసినది తరువాత తీరికగ చదువుకొనవచ్చును. ముందు ఫిర్యాదు వ్రాసికొనుడు. తలిదండ్రులును ఫోను లాగికొని, కాలేజీ మాన్పించి, ఆమెనే శిక్షింపరాదు. ఎదుటివాడు కోరినది సరిగ నదియే.

పత్రికలవారికిని పని కలదు. స్త్రీ వ్రాసిన విమర్శకు ప్రతిగ వచ్చు లేఖలలో వాదమున్నదానిని, అది యెంత తీవ్రమైనను, అచ్చొత్తవలెను. ఆమె దేహమును గూర్చినదానిని చెత్తబుట్టలో వేయవలెను. బెదరింపును సంతకముతో సహా పోలీసులకు పంపవలెను. పాలకుర్తిలోనో, తొఱ్ఱూరులోనో, గణపురములోనో నోటుపుస్తకము చివరి పుటలో అయ్యవారి బొమ్మను, కండక్టరు బొమ్మను, తనవంక గ్రుడ్లప్పగించి చూచు వీధి మొనగాని బొమ్మను గీయుచున్న పిల్లలు తప్పక కలరు. వారి గీతలకు ఆదివారపు సంచికలో మూల కాదు, నడిమి పుటలో చోటు కావలెను. ఆ వీధి మొనగాడు స్త్రీ కంటికెట్లు కనబడుచున్నాడో చూచుకొను భాగ్యము అతనికిని కలుగనిండు.